బయట అనే ఊరికి పిన్‌కోడ్ లేదు

మెదక్‌లో ఎవరు ఏది పారేసినా పోస్టు లాజరు దాన్ని వెతికి పట్టుకొచ్చి మళ్లీ వాళ్ల చేతిలోనే పెట్టేవాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషికి బీపీ లేదు, షుగర్ లేదు, మోకాళ్ల నొప్పి లేదు. ఉన్న జబ్బల్లా ఇదొక్కటే. దీనికి దవాఖానల్లో మందు లేదు.

ముప్పై ఆరేళ్లు పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఖాకీ చొక్కా విప్పాడు గానీ డ్యూటీ దిగలేదు. తపాలా శాఖలో ఒక రూలుంది. వచ్చిన ఉత్తరం చేరవలసిన వారికి చేరాలి, చేరకపోతే పంపినవారికి వాపసు పోవాలి. ఎక్కడో ఒకచోట పడెయ్యమని ఏ పుస్తకంలోనూ రాసిలేదు. లాజరు రిటైరైన మర్నాటి నుంచి ఈ రూలును చిప్స్ ప్యాకెట్లకు, నీళ్ల సీసాలకు, గుట్కా పొట్లాలకు వర్తింపజేశాడు.

ఇన్సూరెన్స్ ఏజెంటు చంద్రకాంత్ ఒకనాడు కారు అద్దం దించి ఖాళీ నీళ్ల సీసా రోడ్డు మీదికి విసిరాడు. లాజరు సీసా తీసుకుని, ఆయన ఎటు పోయాడో కనుక్కుని, బస్సెక్కి నిజాంపేటలో దిగాడు. అక్కడ చంద్రకాంత్ ఒక రైతు ఇంట్లో కూర్చుని, మనిషి పోయాక మిగిలేదేమిటో వివరిస్తున్నాడు. లాజరు లోపలికి వెళ్లి రెండు చేతులతో సీసా అందించి, "సార్, మీ సీసా పడిపోయింది" అన్నాడు. పారేశారు అనలేదు. ఆయన ఎవరినీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఎవరిదైనా సరే పడిపోయిందనే అనేవాడు. ఆ మర్యాద తిట్టుకంటే ఘోరంగా తగిలేది. చంద్రకాంత్ ఆనాటి నుంచి కారు అద్దం దించలేదు. ఏసీ చెడిపోయిన ఎండాకాలంలో కూడా లోపలే ఉడికాడు గానీ దించలేదు.

ఫంక్షన్ హాల్లో ఒక పెళ్లయ్యాక లాజరు ఆరు గోనె సంచుల థర్మకోల్ ప్లేట్లను ట్రాలీ ఆటోలో వేసుకుని పెళ్లివారింటికి తెచ్చాడు. అప్పుడే అప్పగింతలు నడుస్తున్నాయి. సంచులు చూసి పెళ్లికొడుకు తరఫువాళ్లు సారె అనుకుని సంబరపడ్డారు. సంచి మూతి విప్పగానే ఏడుస్తున్న పెళ్లికూతురి తల్లి ఏడుపు ఆపేసింది. మెదక్‌లో రెండు నిమిషాల్లో ముగిసిన అప్పగింతలు అవొక్కటే.

ఏది ఎవరిదో ఆయనకెలా తెలిసేదని అడిగితే, చదువుతానని చెప్పేవాడు. మందుల చీటీ, కొరియర్ అట్ట, కరెంటు బిల్లు ఏది దొరికినా చాలు. ఏమీ దొరక్కపోతే ముడి చూసేవాడు. కవరుకు వేసే ముడి కూడా చేతిరాత లాంటిదేనని ఆయన సిద్ధాంతం. ఒకరు రెండు చుట్లు తిప్పి బిగిస్తారు, ఒకరు కుందేలు చెవుల్లా రెండు కొసలు వదులుతారు, ఒకరు ముడి మీద ముడి వేస్తారు. ముడి చూసి గల్లీ చెప్పేవాడు, ఇంకొంచెం సేపిస్తే ఇల్లు చెప్పేవాడు. క్రిస్మస్‌కు చర్చి చూడటానికి జనం వేలల్లో వచ్చిపోయాక ఆయనకు ఊపిరి సలిపేది కాదు. వెనుకట గ్రీటింగ్ కార్డుల సీజన్ కూడా ఇట్లనే ఉండేదని, ఇప్పుడు కార్డులకు బదులు కాగితపు ప్లేట్లు వస్తున్నాయని సంతోషంగా చెప్పేవాడు.

లాజరును చూస్తే ఊరందరికీ నవ్వొచ్చేది. పరమేశ్‌కు మాత్రం ఒళ్లు మండేది.

పరమేశ్‌కు ఇరవై ఏడేళ్లు. మూడుసార్లు గ్రూప్స్ రాసి, మూడుసార్లూ రెండు మూడు మార్కుల తేడాలో ఆగిపోయాడు. గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివేసి, అవి అయిపోయాక పొట్లాలు కట్టే పేపరు ముక్కలు చదివేవాడు. చదివిన ప్రతి పుస్తకం మీద ఒక అభిప్రాయం ఉండేది, రాసినవాడి మీద చిన్నచూపు ఉండేది. బస్టాండ్‌కు పోయే దారిలో ఎల్లం అనే పాడిరైతు మల్గి, అంటే దుకాణం గది, కిరాయికి తీసుకుని కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు. ఈ లోకం తనకు ఉద్యోగం బాకీ పడి, దానికి బదులు గరిటె చేతికిచ్చిందని అతని కోపం. ఆ కోపమంతా ఉల్లిగడ్డల మీద చూపించేవాడు. అందుకే అతని వేపుళ్లు బాగుండేవి.

గ్రూప్స్‌లో పర్యావరణం ప్రశ్నల్లో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు, ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే పది శాతం శక్తి, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అదే నోటితో "పప్పా, సాంబారా?" అని అడిగి, అదే చేత్తో రోజుకు మూడు వందల ప్లాస్టిక్ కవర్లు కట్టేవాడు. ప్రశ్నలు పరీక్ష హాల్లోవి, కవర్లు కొట్టువి. ఆ రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు.

పైగా కొట్టు తెరిచిన ఉత్సాహంలో ఒక పొరపాటు చేశాడు. ఊరంతా తన పేరు కనిపించాలని ప్రతి కవరు మీదా ఎర్ర అక్షరాల్లో 'పరమేశ్ కర్రీ పాయింట్, బస్టాండ్ రోడ్, మెదక్' అని ఫోన్ నంబరుతో సహా అచ్చేయించాడు. అనుకున్నట్టే కనిపించింది. మురికి మోరీల్లో కనిపించింది, తుమ్మకంప మీద కనిపించింది, కరెంటు తీగ మీద జెండాలా ఎగిరింది. జాతర అయ్యాక ఏడుపాయలలో మంజీర రాళ్ల మధ్య కూడా కనిపించింది.

పంపినవారి చిరునామాతో సహా దొరికే చెత్త లాజరు జీవితంలో ఎప్పుడూ చూడలేదు. రోజూ పొద్దున పది గంటలకు, సరిగ్గా ఉల్లిగడ్డలు ఎర్రబడే వేళకు, సంచితో కొట్టు ముందు నిలబడేవాడు.

"పరమేశా, గివి నీయి పడిపోయినయ్ బిడ్డా."

"నేను పారేయలే తాతా. నేను కూర అమ్మిన. పారేసినోళ్లు వేరే."

"పేరు నీదే ఉంది గద."

"పేరుంటే? వాళ్లు తీస్కపోయి బయట పడేస్తే నేనేం జేస్త?"

లాజరు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూశాడు. "బయట అంటే ఏ ఊరు? ముప్పై ఆరేండ్లు ఉత్తరాలు సార్టింగ్ జేసిన. గా ఊరికి పిన్‌కోడ్ నేనెప్పుడు చూడలే."

ఆ తర్వాత పాఠం మొదలయ్యేది. మోరి బ్రాంచాఫీసు. అక్కడ పడ్డ కవరు వానొస్తే నాలాకు చేరుతుంది, అది సబాఫీసు. నాలా పోయి చెరువులో కలుస్తుంది, అది హెడ్డాఫీసు. చెరువు నిండి మత్తడి దూకితే వాగు, వాగు నుంచి మంజీర, అది మెయిలు బండి. ఎక్కడా ఆగదు, ఎక్కడా మాయం కాదు. ఆకు విస్తరి అయితే వేరే సంగతి. చెదలు, వానపాములు మట్టి డిపార్ట్‌మెంటులో సార్టర్లు. ఆకు రాగానే విప్పి, చదివి, ఏ చెట్టు వేరుకు పోవాలో ఆ వేరుకు పంపిస్తాయి. ప్లాస్టిక్ వస్తే పాపం వాటికి భాష రాదు. ఇటు తిప్పి అటు తిప్పి పక్కన పెడతాయి. వందేళ్లయినా అక్కడే పెండింగ్.

ఇదంతా తనకు తెలుసునని, పర్యావరణంలో తనకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయని పరమేశ్ ఒకసారి కసిరాడు.

లాజరు చేతిలోని కవర్లు గల్లా బల్ల మీద పెట్టి, "మిగిలిన రెండు మార్కులు గివే కావచ్చు" అన్నాడు. కొట్టు ముందు నిలబడ్డ ఆరుగురు నవ్వారు. ఉల్లిగడ్డలు మాడాయి.

పరమేశ్ మర్నాడే పేరు లేని తెల్ల కవర్లు తెచ్చాడు. లాజరు మూడు రోజులు కనిపించలేదు. నాలుగోనాడు పది గంటలకు వచ్చి అదే మర్యాదతో అదే మాట అన్నాడు. పేరేది, నావని ఎట్లా చెప్తావని పరమేశ్ నిలదీశాడు. లాజరు ఒక కవరు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంత ఇంగువ మెదక్ మొత్తంలో ఎవరూ వేయరని చెప్పాడు.

అప్పుడు పరమేశ్ చదువుకున్నవాడు మాత్రమే చేయగల పని ఒకటి చేశాడు. కొత్తగా నలభై వేల కవర్లు అచ్చేయించాడు. వాటి మీద తన పేరు లేదు. 'ఈ కవరు ఎక్కడ దొరికినా చేర్చవలసిన చిరునామా: లాజరు, రిటైర్డ్ పోస్ట్‌మన్, చర్చి వెనక గల్లీ, మెదక్' అని పిన్‌కోడ్‌తో సహా ఉంది. కొనేవాళ్లు అడిగితే ముఖంలో నవ్వు రాకుండా చెప్పాడు. లాజరు తాతే వేయించమన్నాడని, ఖాళీ కవర్లన్నీ ఆయనే తీసుకుంటాడని, సమాజ సేవ అని.

కవరు లాజరుకు చేరడానికి ఒక్కరోజు పట్టింది. దాన్ని పట్టుకుని కొట్టు దగ్గరికి వచ్చాడు. పరమేశ్ కొట్లాటకు నడుము బిగించి నిలబడ్డాడు. లాజరు చాలాసేపు చిరునామా చదివి, "పిన్‌కోడ్ తప్పు పడ్డది బిడ్డా. సివరి రెండు అంకెలు అటిటు అయినయ్" అని చెప్పి వెళ్లిపోయాడు. అంతే. ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు అని అడగలేదు.

ఇక జరిగింది పరమేశ్ లెక్కలో లేనిది. అచ్చులో ఉన్న మాటకు మెదక్‌లో విలువ ఎక్కువ. సారు అడుగుతున్నాడట అనుకుని జనం నిజంగానే కవర్లు పట్టుకెళ్లి ఇవ్వడం మొదలుపెట్టారు. కూరగాయలకు పోతూ ఇచ్చేవాళ్లు, చర్చికి పోతూ ఇచ్చేవాళ్లు, ఆటో ఆపి గేటు మీదుగా విసిరేవాళ్లు. ముసలాయన ఎంత అవస్థ పడుతున్నాడో కళ్లారా చూసి ఆనందిద్దామని పరమేశ్ ఒక సాయంత్రం చర్చి వెనక గల్లీకి వెళ్లాడు.

లాజరు వాకిట్లో కుర్చీ వేసుకుని, తల దువ్వుకుని, ఉతికిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు. వచ్చిన ప్రతి కవరునూ రెండు చేతులతో అందుకుని, మీద తన పేరు ఒకసారి చదువుకుని, బకెట్‌లో కడిగి తీగ మీద ఆరేస్తున్నాడు. ఆరినవాటిని కట్టగట్టి పొడి చెత్త బండికి అప్పగిస్తున్నాడు.

ఆయన భార్య లలిత పరమేశ్‌కు నీళ్లిచ్చి చెప్పింది. "ముప్పై ఆరేండ్లు ఊరోళ్ల ఉత్తరాలు మోసిండు కొడుకా. ఈనకు ఒక్కటి రాలే. రాసేటోళ్లందరు ఈ ఊర్లనే ఉండిరి. ఇప్పుడు రోజు వస్తున్నయ్, సాంబారు వాసనతోని. మస్తు ఖుషీగ ఉండు."

పరమేశ్ నీళ్లు తాగి ఇంటికి వచ్చేశాడు. పగ తీర్చుకోవడం కూడా తనకు చేతకాలేదని ఆ రోజు భోజనం మానేశాడు.

నాలుగు నెలల తర్వాత ఎల్లం బర్రె నెమరు వేయడం మానేసింది. ఎల్లం అంటే పరమేశ్ కొట్టు నడిపే మల్గికి యజమాని, అతనికి పెరుగు పోసేవాడు కూడా. బర్రెను పశువుల దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ కడుపు ఎడమ పక్కన కోసి, లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ ముద్ద తీసింది. తీస్తూనే ఉంది. అడుగునవి తాడులా పేనుకుపోయి అక్షరాలు చెరిగిపోయాయి. పైవాటి మీద అచ్చు చెక్కు చెదరలేదు. ఎల్లానికి చదువు రాదు. పక్కనున్న కాంపౌండర్ గట్టిగా చదివి వినిపించాడు. లాజరు, రిటైర్డ్ పోస్ట్‌మన్, చర్చి వెనక గల్లీ.

ఎల్లం ఆ ముద్దనంతా తొట్టిలో వేసి, ట్రాలీ ఆటోలో పెట్టుకుని బయల్దేరాడు. కొట్టు ముందు నుంచి పోతూ తిడుతున్న తిట్లు పరమేశ్ చెవిన పడ్డాయి. పొయ్యి ఆర్పేసి వెనకే పరుగెత్తాడు. లాజరు ఒక్క మాట చెబితే చాలు. నేను వేయించలేదు, వాడే నా పేరు వాడుకున్నాడు అంటే చాలు. ఎల్లం సాయంత్రానికల్లా గిన్నెలు రోడ్డు మీద పెడతాడు. మూడు పరీక్షలు పోయాక మిగిలింది ఆ ఒక్క మల్గి. అది కూడా పోతే పరమేశ్‌కు చదువుకోవడానికి పేపరు ముక్కలు కూడా మిగలవు.

లాజరు వాకిట్లో అప్పటికే పదిహేను మంది చేరారు. ఎల్లం తొట్టి దించాడు. వాసనకు జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

"సారూ, కవర్లన్ని నాకే ఇయ్యుండ్రి అని ఊరంత అచ్చేపిచ్చిండ్రు. మరి నా బర్రె కడుపులకు ఎట్ల పోయినయ్? గిది మీ అడ్రసేనా కాదా, అది చెప్పుండ్రి."

లాజరు కళ్లద్దాలు పెట్టుకుని తొట్టిలోంచి ఒక కవరు తీశాడు. చిరునామా చూశాడు. ముడి చూశాడు. ముడిని కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత తలెత్తి, జనం వెనక దాక్కున్న పరమేశ్‌ను కళ్లద్దాల మీదుగా చూశాడు. 

"అడ్రసు నాదే ఎల్లం. నాకొచ్చిందే. తీసుకుంట. సంతకం యాడ వెట్టాలె?"

ఎల్లం కొట్లాటకు వచ్చాడు గానీ సంతకానికి కాగితం తేలేదు.  బర్రె బతికిందా అని లాజరు అడిగాడు. బతికిందన్నాడు ఎల్లం. దేవునికి స్తోత్రం చెప్పి, అది కోలుకునేదాకా పచ్చిగడ్డి తనే కోసి తెస్తానని లాజరు మాటిచ్చాడు.

మర్నాడు పది గంటలకు ఉల్లిగడ్డలు ఎర్రబడ్డాయి. ఎవరూ రాలేదు. లాజరు అదే సంచి నిండా గడ్డి వేసుకుని కొట్టు ముందు నుంచే ఎల్లం ఇంటివైపు నడిచిపోయాడు. ఇటు తిరిగి చూడలేదు. రెండోనాడూ అంతే. ఆయన తిడితే తిరిగి తిట్టడానికి పరమేశ్ దగ్గర మంచి మాటలు చాలా సిద్ధంగా ఉన్నాయి. తిట్టని మనిషిని ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. రెండు రోజుల వేపుళ్లు మాడిపోయాయి.

మూడోనాడు కొట్టు తెరవకుండా ఎల్లం బర్రె కొట్టం దగ్గరికి వెళ్లాడు. లాజరు బర్రె ముందు గడ్డి వేస్తున్నాడు. ఎల్లం పక్కనే ఉన్నాడు. పరమేశ్ నిలబడిన చోటే ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆ అడ్రసు వేయించింది తానేనని, తాతకు ఏ సంబంధమూ లేదని, సమాజ సేవ అన్నది అబద్ధమని.

ఎల్లం గోడకు ఆనించిన కట్టె అందుకున్నాడు.

"ఆగు" అంది లోపలి నుంచి అతని భార్య భాగ్య. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. "కట్టె కింద వెట్టు. గా ముడి నేనేసిందే."

మిగిలిన అన్నం, కూర కవర్లో వేసి, ఈగలు ముసరకుండా ముడి మీద ముడి బిగించి కొట్టం పక్క కుప్పలో వేసేది తానేనని చెప్పింది. ఉప్పగా ఉంటుందని బర్రె కవరుతో సహా తినేసేదేమో, తాను చూడలేదంది. దవాఖాన దగ్గర తొట్టిలో తన ముడి చూసి మూడు రోజులుగా అన్నం సహించడం లేదని కూడా చెప్పింది.

ఎల్లం కట్టె పట్టుకునే, "అంటే నాది మాత్రం ఏం తప్పు లేదన్నట్టు" అన్నాడు.

"ఐతారం ఐతారం గా కూర కవరు తెచ్చేది ఎవరు మరి?"

ఎల్లం బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. వేయించినవాడు, తెచ్చినవాడు, ముడి వేసిన ఆమె, సంతకం పెడతానన్నాయన నలుగురూ బర్రె చుట్టూ చేరి ఎవరి ముఖం వారు దాచుకున్నారు. ఆహారపు గొలుసు గీసి భాగాలు గుర్తించుము అనే ప్రశ్నకు పరమేశ్ మూడుసార్లు జవాబు రాశాడు. ఒక్కసారి కూడా ఈ బొమ్మ గీయలేదు. వీళ్లందరినీ పట్టించుకోకుండా బర్రె మెల్లగా దవడ కదిపింది. మళ్లీ కదిపింది. నెమరు మొదలైంది. ఎల్లం కట్టె పక్కన పడేసి దాని మెడ కౌగిలించుకున్నాడు. ఆ సంతోషంలో మల్గి సంగతి ఎత్తనే లేదు.

తిరిగి వస్తూ పరమేశ్ అడిగాడు. "ముడి చూసినప్పుడే నీకు తెలిసింది. నా సంగతి ముందే తెలుసు. ఎందుకు చెప్పలే తాతా?"

"ఉత్తరంల ఏముందో పోస్ట్‌మన్ చెప్పొద్దు. చేర్చాలె, గంతే."

 ఇన్నేళ్లలో లాజరు ఎవరికి ఏది తెచ్చి ఇచ్చినా పడిపోయిందనే అన్నాడని పరమేశ్‌కు గుర్తొచ్చింది. ఊరంతా రోజూ విసిరేస్తుంటే, ఊరందరి తరఫునా రోజూ ఒక సాకు తనే మోసుకొచ్చి, వస్తువుతో పాటు చేతిలో పెట్టి పోయేవాడు.

కర్రీ పాయింట్‌లో కవర్లు బందయ్యాయి. గిన్నె తెచ్చుకున్నవాళ్లకు ఒక గరిటె ఎక్కువ. తేనివాళ్లకు మోదుగాకు దొప్ప. దొప్పలో సాంబారు ఇంటికి చేరేలోపు మోచేతిదాకా కారుతుందని జనం తిట్టుకున్నారు. చదువురాని జనమని పరమేశ్ తిరిగి తిట్టుకున్నాడు. మనిషి అంత తొందరగా మారడు. గిన్నెలు మాత్రం పెరిగాయి.

నష్టపోయింది ఒక్క లాజరే. సంచి సగం కూడా నిండడం లేదు, వాకిట్లోకి ఎవరూ రావడం లేదు. పనిలేక ఇంట్లో పోపుల డబ్బా సార్టింగ్ చేస్తున్నాడని, జీలకర్ర దొరక్క పరేషాన్ అవుతున్నానని లలిత కొట్టు దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

పరమేశ్ పోస్టాఫీసుకు వెళ్లి కార్డు అడిగాడు. కౌంటర్‌లో ఉన్నమ్మాయి ఏ కార్డు అని రెండుసార్లు అడిగి, అల్మారా కింద అర నుంచి దుమ్ము దులిపి ఇచ్చింది. 'తాతకు నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం. బర్రె కూడా క్షేమం. ఇట్లు, పరమేశ్' అని రాసి, పిన్‌కోడ్ మూడుసార్లు సరిచూసుకుని డబ్బాలో వేశాడు. చర్చి వెనక గల్లీ అక్కడికి అర కిలోమీటరు. కార్డుకు ఐదు రోజులు పట్టింది.

ఆరోనాడు పది గంటలకు, ఉల్లిగడ్డలు ఎర్రబడే వేళకు, కొట్టు ముందు లాజరు నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. చేతిలో కార్డు.

"పిన్‌కోడ్ మంచిగనే రాసినవ్. పంపినోళ్ల అడ్రసు రాయలే. ఇది నాకు చేరకపోతే ఎవరికి వాపస్ ఇయ్యాలె?"

చేరింది గదా అని పరమేశ్ మొత్తుకున్నాడు. రూలు రూలేనన్నాడు లాజరు. పరమేశ్ గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, పెన్ను తీసి, కార్డు ఇటిమ్మని చెయ్యి చాపాడు.

లాజరు కార్డు ఇవ్వలేదు. దాన్ని జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకుని, ఇంకో జేబులోంచి రాయని కొత్త కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నేనుంచుకుంట. నువ్వు ఇంకోటి రాయి."